పంపుల కంపెనీ ముందుత్తరాలు

హమాలీ అనే పేరు విని బస్తాలు మోసే మనిషి అనుకునేరు. కాదు. పాతికేళ్ల వయసులో, ఒక కొండ అంచున, అవతలి గట్టు నుంచి తుపాకులు పేలుతుంటే, గాయపడిన నలుగురిని ఒకరి తర్వాత ఒకరిని వీపున వేసుకుని కిందికి దించిన సిపాయి. నాలుగోవాడు దారిలోనే పోయాడు. అయినా దించాడు. "పోయినవాణ్ని మోయడమేంట్రా, నీ ప్రాణం మీదికి తెచ్చుకుని?" అని పైవాళ్లు కోప్పడితే, "పోయాడని నాకెవరూ చెప్పలేదు సార్" అన్నాడట. గుడారమంతా నవ్వింది. దానికి పతకం ఇచ్చారు, ఈ పేరూ ఇచ్చారు. పతకం కంటే పేరే ఎక్కువ కాలం నడిచింది.

పతకం తగిలించిన సాయంత్రమే, మామూలు చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. తర్వాత్తర్వాత అందరూ పెద్దసారు అనేది ఆయన్నే.

"ఇది బాగుంది. దీన్ని పెట్టెలో పెట్టి, బతికినంతకాలం మళ్లీ బయటికి తీయకుండా ఉండగలవా?"

"ఎందుకు సార్?"

"ఎందుకని అడక్కుండా కూడా ఉండాలి."

అలా హమాలీ సైన్యం వదిలేసి పంపుల కంపెనీలో చేరాడు. ఊళ్లో అందరికీ తెలిసింది ఇంతే. కంపెనీకి బోర్డు ఉంది, గాజు తలుపు ఉంది, కింది అంతస్తులో నిజం పంపులే ఉన్నాయి, కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. పై అంతస్తుకి మాత్రం కొన్నవాళ్లెవరూ ఎక్కలేదు. అక్కడ ఒక వైర్‌లెస్ గది, ఒక పటాల గది, మూడు ఇనుప బీరువాలు. సరిహద్దు దాటి వెళ్లి, ఎవరికీ తెలియకుండా పని చక్కబెట్టుకుని, ఎవరికీ తెలియకుండా తిరిగొచ్చే మనుషుల్ని తయారుచేసే చోటు అది.

తయారుచేయడమంటే తుపాకీ నేర్పడం అనుకుంటారు. తుపాకీ వచ్చినవాళ్లనే కదా తెచ్చుకునేది! అక్కడ నేర్పేదంతా మరిచిపోవడమే. నిటారుగా నిలబడకూడదు. పక్కవాడితో అడుగు కలపకూడదు. బూట్లు మెరవకూడదు. పిలిస్తే చటుక్కున తిరక్కూడదు, కాస్త బద్ధకంగా తిరగాలి. హమాలీకి భుజాలు వంచి నడవడం రావడానికి ఆరు నెలలు పట్టింది. ఇంట్లో భార్య చూసి, "నడుం పట్టేసిందా ఏంటి?" అని నూనె తెచ్చింది. ఇక ఇరుగుపొరుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. పంపుల కంపెనీలో ఉద్యోగమన్నాక వీధిలో ఎవరి మోటారు కాలినా ఈయన గుమ్మం ముందే దించేవారు. రాదని చెప్తే పరువు పోతుంది, వచ్చని చెప్తే పని రాదు. చచ్చినట్టు కింది అంతస్తు మెకానిక్కు దగ్గర కూర్చుని మోటారు చుట్టడం కూడా నేర్చుకున్నాడు, పాపం.

పదకొండేళ్లలో పంతొమ్మిదిసార్లు అవతలికి వెళ్లాడు. ఎంతమందిని తీసుకెళ్లాడో అంతమందినీ తీసుకొచ్చాడు. ఆ మాట ఎవరైనా అంటే పైకి విసుక్కునేవాడు గానీ లోపల పొంగిపోయేవాడు. పతకం చూపించుకునే వీల్లేని మనిషికి ఆ ఒక్కటే మిగిలింది మరి.

ఇక్కడ ఆ కంపెనీ పద్ధతి ఒకటి చెప్పాలి. అవతలికి వెళ్లినవాడు నెలల తరబడి ఇంటికి ఉత్తరం రాయలేడు. ఉత్తరం రాకపోతే ఇంట్లోవాళ్లు ఊరుకోరు, నలుగురినీ అడుగుతారు, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. అందుకని వెళ్లేవాణ్ని రెండ్రోజులు వెనక గదిలో కూర్చోబెట్టి, వారానికొకటి చొప్పున రాబోయే ఉత్తరాలన్నీ ముందే రాయించేవారు. వాటికి ముందుత్తరాలని పేరు. టైపిస్టమ్మ వాటిని బీరువాలో వరసగా పెట్టి, ప్రతి సోమవారం ఒకటి తీసి, దూరపు ఊరి బ్రాంచి నుంచి పోస్టులో వేయించేది. ఇంటి నుంచి వచ్చిన జవాబులు బీరువాలోనే అతని కోసం ఆగేవి.

ఒకసారి హమాలీ ముందుత్తరంలో "ఇక్కడ కుండపోతగా వానలు" అని రాశాడు. అది ఇంటికి చేరేనాటికి ఆ బ్రాంచి ఉన్న ఊళ్లో తాగడానికి నీళ్లు లేవని పేపర్లన్నీ గోల పెడుతున్నాయి. భార్య ఆ ఉత్తరం చదివి, మడిచి, కిమ్మనకుండా దాచేసింది. నాలుగేళ్ల తర్వాత అన్నం వడ్డిస్తూ, "ఉత్తరాల్లో వానలూ ఎండలూ రాయకండి" అంది. అంతకు మించి ఒక్క ముక్క అడగలేదు. హమాలీ తలొంచుకుని తినేసి లేచాడు. మర్నాడే కంపెనీలో కొత్త నియమం పెట్టించాడు, ముందుత్తరాల్లో వాతావరణం ఉండకూడదని. ఆడవాళ్లకి ఏమీ తెలియదనుకుని నడిచే కంపెనీ అది. అలాంటి కంపెనీలు ఎలా నడుస్తాయో ఆ దేవుడికే తెలియాలి.

ఇరవయ్యోసారి వెళ్లొస్తూ మోకాలు విరగ్గొట్టుకున్నాడు. నయమైంది గానీ కొండలెక్కడానికి పనికిరాకుండా పోయింది. పెద్దసారు అతన్ని పటాల గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, "ఇకనుంచి నువ్వు వెళ్లవు, పంపుతావు" అన్నాడు. వెళ్లడం కంటే పంపడం కష్టమని హమాలీకి అప్పుడే తెలిసింది.

అతను పంపినవాళ్లలో ఒకడు వాగుడుకాయ. ఇరవై ఎనిమిదేళ్లవాడు, నోట్లో నువ్వుగింజ నానదు. కానీ అవతలివాళ్ల భాష అక్కడ పుట్టినవాడిలా మాట్లాడేవాడు, ఆ భాషలో తిట్టేవాడు కూడా. కలప కొనే వ్యాపారుల్లా వెళ్లి కొండ దారులు చూసి రావాల్సిన పని. ముగ్గురు కావాలి: మాట్లాడటానికి వాగుడుకాయ, తోడుగా డ్రైవరు, కంపౌండరు. చిక్కల్లా ఏంటంటే, వాగుడుకాయ భార్యకి ఏడో నెల. పని పద్నాలుగు వారాలు.

"ఇంకో మనిషి ఉన్నాడు, కానీ యాస సరిగా రాదు. నువ్వే తేల్చుకో" అన్నాడు పెద్దసారు.

హమాలీ మూడు రోజులు నాన్చి వాగుడుకాయనే పిలిచి అడిగాడు.

"నేను వెళ్తాను సార్. కాన్పుకి ఉండి మాత్రం నేనేం చేస్తాను, వరండాలో అటూ ఇటూ తిరగడం తప్ప?"

"మీ ఆవిడ ఏమంటుంది?"

"పంపులమ్మే టూరు కదా సార్, తిట్టింది. తిట్టి, పెట్టె సర్దింది."

వెనక గదిలో కూర్చుని పద్నాలుగు కాదు, పదిహేను ఉత్తరాలు రాశాడు. టైపిస్టమ్మ లెక్కపెట్టి అడిగితే, రెండు కవర్లు వేరుగా తీసి చూపించాడు. ఒకదాని మూలన పెన్సిల్‌తో అబ్బాయి అని ఉంది, రెండోదాని మీద అమ్మాయి అని.

"కాన్పు కబురు రాగానే సరైనది వేసేయండి. రెండోది చించేయండి. చదివారో, ఊరుకోను."

"మీ సోది చదివే ఓపిక నాకు లేదు బాబూ" అంది టైపిస్టమ్మ. ముప్పై ఏళ్లుగా అందరి ఉత్తరాలూ చదవకుండా దాచిన మనిషి ఆవిడ.

వాళ్లు వెళ్లిన ఏడో వారం, గురువారం పొద్దున పదకొండింటికి, వైర్‌లెస్ గదిలోంచి కాగితం వచ్చింది. రెండే వాక్యాలు. మూడు పంపుల్లో మొదటిది కాలిపోయింది. రెండు భద్రంగా ఉన్నాయి, దారి మూసేశారు.

మొదటి పంపు అంటే వాగుడుకాయ.

హమాలీ కుర్చీలోంచి లేచాడు. కాగితం పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్లాడు. ఆయన అప్పటికే మిగతా వివరం తెప్పించుకున్నాడు. ఏటి దగ్గర కాపలావాళ్లు కాల్చారు. శవం వాళ్ల దగ్గరే ఉంది. కలప దొంగ అనుకుంటున్నారు.

"కలప దొంగ అనుకున్నంతకాలం మిగతా ఇద్దరి జోలికి రారు," అన్నాడు పెద్దసారు. "వీడు మన మనిషని తెలిసిందో, ఆ కొండంతా జల్లెడ పడతారు. వాళ్ల మనుషులు మన ఊళ్లోనూ ఉన్నారు, మన పేపర్లూ చదువుతారు. ఇక్కడ ఒక్క ఇంట్లో ఏడుపు వినపడితే చాలు. ఎల్లుండికి ఫొటో పడుతుంది, ఆవలెల్లుండికి ఆ ఇద్దరూ ఉండరు."

"ఎన్నాళ్లు సార్?"

"వాళ్లిద్దరూ ఇవతల అడుగు పెట్టేదాకా."

"ఆ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి..."

"నాకు తెలుసు. ఉత్తరాలు ఆగకూడదు."

హమాలీ తిరిగొచ్చి టైపిస్టమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ అతని మొహం చూసి బీరువా వైపు చూసింది. అప్పుడే అర్థమైపోయింది ఆవిడకి.

"వచ్చే సోమవారం?" అంది.

"వేయండి."

"నా చేత్తోనా?"

"ఇస్తే నేనే వేస్తాను."

"అక్కర్లేదు లెండి," అంది ఆవిడ. కానీ ఆ సోమవారం బీరువాలోంచి కవరుని చిరునామా కనపడకుండా బోర్లా పట్టుకుని తీసింది. దానిలో వాగుడుకాయ తన భార్యకి ఏం రాశాడో, ఎన్ని కోతలు కోశాడో, హమాలీ తెలుసుకోదలచుకోలేదు. పోయినవాడి నవ్వు బతికున్నవాడి నవ్వులా పోస్టులో వెళ్లిపోయింది.

బుధవారం మధ్యాహ్నం ఫోను మోగింది. ఆ అమ్మాయి అన్న, టైలరు, తన దుకాణం ఎదురుగా ఉన్న మందుల షాపు నుంచి చేశాడు. టైపిస్టమ్మ ఎత్తింది, పక్కనే హమాలీ ఉన్నాడు, అటువైపు గొంతు అతనికీ వినపడుతోంది.

"మా బావగారికి కబురు చెప్పాలండీ! చెల్లెలికి కాన్పయింది. నెల ముందే అయింది గానీ అందరూ క్షేమం. కవలలండీ! ఒక బాబు, ఒక పాప! బావకి చెప్పండి, ఇప్పుడు చూస్తాను ఎంత వాగుతాడో!"

"చెప్తాం బాబూ. చాలా సంతోషం," అంది టైపిస్టమ్మ. ఫోను పెట్టేసి, బీరువా తీసి, ఆ రెండు కవర్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. అబ్బాయికి ఉత్తరం ఉంది. అమ్మాయికి ఉత్తరం ఉంది. ఇద్దరికీ కలిపి లేదు. దారులన్నీ ముందే గీసుకుని, ఈ దారి మూసుకుంటే ఆ దారి అని లెక్కలేసుకునే మనుషులు, మూడో దారి ఒకటుంటుందని ఒక్కడికీ తట్టలేదు.

"రెండూ వేసేద్దామా?" అన్నాడు హమాలీ.

"మీకేమైనా మతి ఉందా? రెండూ వేస్తే, రెండూ ముందే రాసినవని చిన్నపిల్లకైనా తెలుస్తుంది."

"ఏదీ వేయకపోతే?"

"కవలలు పుడితే ఉత్తరం ముక్క రాయని మొగుడా! మర్నాడే ఆ టైలరు ఇక్కడుంటాడు. టెలిగ్రాములు కొడతాడు. బ్రాంచికి వెళ్తాడు." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నేను ఏ చేతిరాతైనా దించగలను. పేజీకి రెండు గంటలు పడుతుంది. కానీ మాటలు నా వల్ల కాదు. మాటలు మీరివ్వండి."

ఆ సాయంత్రం హమాలీ వాగుడుకాయ ముందుత్తరాలు తీసి మొదటిసారి చదివాడు. భార్యని మహారాణీ అని పిలుస్తాడు. ప్రతి ఉత్తరంలో కనీసం నాలుగు అబద్ధాలు, రెండు జోకులు. మిగిలినవాటిలో ఎక్కడైనా బిడ్డ అని ఉంటే పిల్లలు అని మార్చి, ఆ పేజీలు టైపిస్టమ్మ తిరగ రాసేస్తే సరిపోతుంది. ఈ ఒక్కటి మాత్రం కొత్తగా పుట్టాలి. కలం పట్టుకుని గంటసేపు కూర్చున్నాడు. తుపాకులకి ఎదురెళ్లిన మనిషికి ఒక పేజీ ముందు చెమటలు పట్టాయి.

ఇంటికి వచ్చి, భార్య బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చున్నాడు.

"మన పిల్ల పుట్టినప్పుడు నేను ఊళ్లో లేను కదా. ఏం రాశానో గుర్తుందా?"

ఆవిడ విచిత్రంగా చూసింది. "గుర్తులేకేం! 'కాన్పు క్షేమంగా అయినందుకు సంతోషం. నేను క్షేమం.' అంతే. టెలిగ్రాము లాగా. చదివి ఒళ్లు మండిపోయింది."

"ఏం రాస్తే బాగుండేది?"

"ఇన్నేళ్లకి అడుగుతున్నారా?" అంది. నవ్వబోయి, అతని మొహం చూసి మానేసింది. చేతిలో చొక్కా మడతపెట్టడం పూర్తిచేసి అప్పుడు చెప్పింది. "అలాంటప్పుడు పక్కన లేనందుకు క్షమించమని ఒక్క ముక్క రాసుంటే చాలు. ఇంకేమీ వద్దు."

మర్నాడు హమాలీ రాసిచ్చాడు, టైపిస్టమ్మ వాగుడుకాయ చేతిరాతలో దించింది.

"మహారాణీ, ఒకరిని తెమ్మంటే ఇద్దర్ని తెచ్చావు! టోకు వ్యాపారం ఎప్పుడు మొదలుపెట్టావు? ఇక్కడ కంపెనీ వాళ్లందరికీ నేనే కన్నట్టు చెప్పుకుని తిరుగుతున్నాను. బాబుకి నా ముక్కు రాకపోతే చాలు, పాపకి నా నోరు రాకపోతే చాలు. నువ్వు బాగా తిను, బాగా పడుకో. ఇలాంటప్పుడు నీ పక్కన లేను. నన్ను క్షమించు."

టైపిస్టమ్మ రెండుసార్లు చదివి, "బాగుంది. అచ్చం అతనే," అంది. హమాలీకి కాస్త ఊపిరి తిరిగింది. ఉత్తరం వెళ్లింది.

పది రోజులకి జవాబు వచ్చింది. ముందెప్పుడూ నాలుగు పేజీలకి తక్కువ రాయని అమ్మాయి, ఈసారి మూడు వాక్యాలు రాసింది. "పిల్లలు బాగున్నారు. నేను బాగున్నాను. మీ పని పూర్తిగా చూసుకోండి, ఇక్కడ మా గురించి తొందరేమీ లేదు." టైపిస్టమ్మ దాన్ని బీరువాలో పెట్టలేక, పెట్టకుండా ఉండలేక, చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. బాలింత, ఇద్దరు పసివాళ్లు, రాసే తీరిక ఎక్కడిదిలే అని ఇద్దరూ సర్దిచెప్పుకున్నారు.

ఇక మిగిలింది ఎదురుచూడటం. వైర్‌లెస్ గదిలోంచి కాగితం రాని రోజు గండం, వస్తే ఇంకా గండం. డ్రైవరుకి జ్వరమని ఒకసారి. తిండి అయిపోయిందని ఒకసారి. ఐదు రోజులు అసలు చడీచప్పుడు లేదు. ఆ ఐదు రోజులూ హమాలీ పటం మీద ఏటి గీతనే చూస్తూ కూర్చున్నాడు, టీ తెచ్చిపెడితే అలాగే చల్లారిపోయింది. ఆరో రోజు కింది అంతస్తులో మెకానిక్కు ఏదో జోకుకి గట్టిగా నవ్వితే, మెట్ల మీద నిలబడి అతన్ని చెడామడా తిట్టేశాడు. తర్వాత వెళ్లి క్షమించమని అడిగాడు. అతనికి ఏం జరిగిందో తెలియదు పాపం, బిత్తరపోయి చూశాడు.

కబురు వచ్చిన గురువారం నుంచి ముప్పై ఎనిమిదో రోజు, పొద్దున్నే, డ్రైవరూ కంపౌండరూ ఇవతల అడుగు పెట్టారు. చెప్పులు లేవు, బరువు సగం లేదు, ప్రాణాలు ఉన్నాయి. పెద్దసారు హమాలీ భుజం మీద చెయ్యేసి, "ఇక ఆ ఇంటికి ఎవర్ని పంపమంటావు?" అన్నాడు.

"పంపడం నా వల్ల కాదు సార్. నేనే వెళ్తాను."

పదింటికల్లా ఆ వీధికి చేరాడు. టైలరు దుకాణం ముందు గదిలో ఉంది, ఇల్లు వెనక. టైలరు కుట్టు ఆపి, మెడలోని టేపు తీసి లేచాడు. "బావ రాలేదా సార్?" అన్నాడు. హమాలీ చెప్పులు విడిచి లోపలికి నడిచేసరికి అతని మొహంలో రంగు మారిపోయింది. లోపలి గదిలో మంచం మీద ఇద్దరు పసివాళ్లు ఒకే గుడ్డ మీద పడుకుని ఉన్నారు. వాగుడుకాయ భార్య వాళ్ల పక్కన కూర్చుని, కుట్టు విప్పిన చిన్న చొక్కా దారాలు తీస్తోంది. తలెత్తి చూసింది. లేవలేదు.

"మిగతావాళ్లు వచ్చేశారా?" అంది.

హమాలీ దారి పొడవునా తయారుచేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"ఎవరమ్మా?"

"ఎవరో నాకేం తెలుసండీ? ఆయనతో వెళ్లినవాళ్లు. మా కంపెనీలో ఎవర్నీ ఒంటరిగా పంపరు అనేవారు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పంపుల కంపెనీ! పంపులమ్మేవాడికి రోజూ పొద్దున్నే అద్దం ముందు భుజాలు వంచి నడవడం దేనికండీ? నేనేమైనా పిచ్చిదాన్నా?"

"ఇద్దరమ్మా. ఇవాళ పొద్దున్నే వచ్చారు."

"బాగున్నారా?"

"బాగున్నారు."

ఆమె తలాడించింది. వెనక టైలరు గోడకి ఆనుకుని నోట్లో టేపు కుక్కుకున్నాడు.

"నీకు... ఎప్పుడు తెలిసిందమ్మా?" అన్నాడు హమాలీ.

"కవలలకి ఉత్తరం వచ్చిన రోజున. రాత ఆయనదే, జోకులు కూడా దాదాపు ఆయనవే. చివర క్షమించమని ఉంది." ఆమె చేతిలో దారం తెగింది. "ఆయన నన్ను ఏడిపించారు, నవ్వించారు, తలుపు బయట నిలబెట్టారు, మూడు వందల అబద్ధాలు చెప్పారు. క్షమించమని మాత్రం ఒక్కనాడూ అనలేదండీ. అలవాటు లేదు ఆయనకి. ఎవరు రాశారో తెలీదు గానీ, ఆ మాట రాసినవాళ్లు చాలా బాధలో ఉండి రాశారని తెలిసింది. అంత బాధలో ఉండి కూడా దాచారంటే, ఇంకా ఎవరి ప్రాణమో అక్కడ ఉండి ఉంటుంది అనుకున్నాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"మా అన్నకి కూడా చెప్పలేదు. చెప్తే ఏడుస్తాడు. వాడి గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది." పసివాళ్లలో ఒకరు కదిలితే గుడ్డ సరిచేసింది. "రోజూ పాలిచ్చాను. చూడటానికి వచ్చినవాళ్లతో నవ్వాను. మా ఆయన టూర్లో ఉన్నారని చెప్పాను. తర్వాత వచ్చిన ఉత్తరాలు మాత్రం చదవలేదు, దిండు కింద పెట్టేశాను."

హమాలీ ఇరవైసార్లు వెళ్లొచ్చాడు. నెల రోజులు ఇలా కూర్చోవడం అతను ఒక్కసారి కూడా చేయలేదు. ఆ మాట చెప్పాలనిపించింది, చెప్పలేకపోయాడు. ఆ క్షమించమన్నది తనేనని చెప్పాడు. ఆమె తెలుసన్నట్టు చూసింది.

"ఆయన్ని తెచ్చారా?"

"లేదమ్మా. తేలేకపోయాం."

ఆమె చొక్కా పక్కన పెట్టింది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, అడగవచ్చో లేదో అన్నట్టు అతని మొహంలోకి చూసింది.

"అయితే ఇప్పుడు ఏడవచ్చాండీ? ఎవరికీ ఏమీ కాదుగా?"

"ఏడవమ్మా," అన్నాడు హమాలీ. "ఎవరికీ ఏమీ కాదు. గట్టిగా ఏడువు."

ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. నోరు తెరిచింది. టైలరు అప్పటికే నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు. ఆమె కాసేపు అలాగే కూర్చుని, కళ్లు తెరిచి, పొడి కళ్లతో హమాలీ వైపు చూసింది.

"రావట్లేదండీ," అంది భయంగా.